లేదని తేల్చే ముందు

మనం రోజూ చేసే తీర్పుల్లో ఎక్కువ నష్టం తెచ్చేవి ‘లేదు’ అని ముగిసేవే. నాకు లెక్కల బుర్ర లేదు. ఈ పిల్లవాడికి చదువు మీద ధ్యాస లేదు. మా వీధిలో ఈ వ్యాపారానికి గిరాకీ లేదు. ఆఫీసులో నా మాటకు విలువ లేదు. ఉందని చెప్పేవాడిని చూపించమంటాం. చూపించలేకపోతే అతని మాట అక్కడికక్కడే తేలిపోతుంది. లేదని చెప్పేవాడిని మాత్రం ఎవరూ నిలదీయరు. పైగా ఒకసారి లేదని తేల్చుకున్నాక వెతకడం మానేస్తాం కాబట్టి, ఆ తీర్పు తప్పయినా బయటపడే దారి మూసుకుపోతుంది. పొరపాటున ఉందనుకున్నవాడు రేపో ఎల్లుండో దెబ్బతిని నేర్చుకుంటాడు. పొరపాటున లేదనుకున్నవాడు ఏళ్ల తరబడి అదే నిజమనుకుని బతికేస్తాడు. అందుకే ఈ అధ్యాయంలో ఒకే ఒక్క నియమాన్ని వాదించి నిలబెట్టదలిచాను: ఎక్కడ, ఎప్పుడు, ఏ పద్ధతిలో, ఎంతసేపు వెతికామో చెప్పలేనప్పుడు, లేదని తీర్పు చెప్పే హక్కు మనకు ఉండదు.

ఈ నియమాన్ని నీతివాక్యంగా గోడకు తగిలించుకోకుండా, రోజువారీ పనిగా పాటించక తప్పనివాళ్లు కొందరున్నారు. ఒక ప్రాంతంలో ఏయే కీటక జాతులున్నాయో సర్వే చేసి జాబితా వేసేవాళ్లు వాళ్లు. అందులోనూ రంపపు ఈగలను వెతికేవాళ్ల పని మనకు బాగా ఉపయోగపడుతుంది. పేరులో ఈగ ఉన్నా ఇవి ఈగలు కావు. తేనెటీగలు, చీమలు, కందిరీగలు ఉన్న వర్గానికి చెందినవి. నాలుగు రెక్కలుంటాయి, కందిరీగకు ఉండే సన్నని నడుము ఉండదు, మనిషిని కుట్టవు. ఆడదాని పొట్ట చివర రంపంలా పళ్లున్న సన్నని పలకలుంటాయి. వాటితో ఆకునో లేత కొమ్మనో కోసి, ఆ చీలికలో గుడ్డు పెడుతుంది. మన దేశంలో చలికాలపు ఆవ, ముల్లంగి పంటల ఆకులను తినేసి, చెయ్యి తగలగానే చచ్చినట్టు ముడుచుకుని కింద పడిపోయే నల్లటి పురుగు ఇలాంటి ఒక జాతి పిల్లదశే. ప్రపంచం మొత్తం మీద ఇప్పటికి 8 వేలకు పైగా జాతులకు పేర్లు పెట్టారు.

వీటి కోసం ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న పల్లపు నేలను చూద్దాం: నెదర్లాండ్స్, జర్మనీలో రైన్ నది దిగువ మైదానం, ఇంగ్లండ్‌లోని చదును ప్రాంతాలు. నెదర్లాండ్స్‌లో సుమారు నాలుగో వంతు నేల సముద్రమట్టానికి దిగువనే ఉంది. ఐరోపాలోని ఆ దేశ భూభాగంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు కూడా 322 మీటర్లే. కాలువలు, పచ్చిక బయళ్లు, బంగాళాదుంప పొలాలు, కిక్కిరిసిన పట్టణాలు. జీవవైవిధ్యం అనగానే మన మనసు ఉష్ణమండలపు అడవికి పరుగెడుతుంది కాబట్టి, ఇలాంటి దున్నేసిన నేలలో వెతకడం దండగ అనిపిస్తుంది. ఆ తొలి అంచనాయే తప్పు. చాలా జీవుల్లో భూమధ్యరేఖ వైపు వెళ్లేకొద్దీ జాతుల సంఖ్య పెరుగుతుంది. రంపపు ఈగల్లో లెక్క తిరగబడుతుంది. చల్లటి ఉత్తర ప్రాంతాల్లోనే జాతులు ఎక్కువ. బ్రిటన్, ఐర్లండ్ దీవుల్లోనే 500కు పైగా నమోదయ్యాయి. వేరే జీవుల విషయంలో నిజమైన నియమాన్ని వీటికీ అంటగట్టి ఇంట్లోనే కూర్చున్నవాడికి ఈ సంఖ్య ఎప్పటికీ తెలియదు. మన జీవితంలోనూ చాలా ‘లేదు’లు ఇలాగే పుడతాయి. వెతికి విఫలమై చెప్పినవి తక్కువ, ఎక్కడో విన్న సూత్రాన్ని బట్టి వెతక్కుండానే చెప్పినవి ఎక్కువ.

కనపడకపోవడానికి మూడు కారణాలు

వెతికినవాడికి కూడా దొరకకపోవచ్చు. అందుకు మొదటి కారణం కాలం. రెక్కలొచ్చిన రంపపు ఈగ బతికేది కొద్ది రోజులు, మహా అయితే కొద్ది వారాలు. చాలా జాతులకు ఏడాదికి ఒకటే తరం; వసంతంలోనో వేసవి మొదట్లోనో ఎగిరి, గుడ్లు పెట్టి, చనిపోతాయి. పిల్లపురుగు కొన్ని వారాలు ఆకు తిని, నేలలోకి దిగి గూడు అల్లుకుని, మిగిలిన ఏడాదంతా అందులోనే గడుపుతుంది. కొన్ని జాతుల్లో ఒక చలికాలం చాలదు, రెండు మూడు దాటాక గానీ బయటికి రావు. ఆగస్టులో వల పట్టుకుని వెళ్లినవాడు ఆ జాతి మీదుగానే నడిచిపోతాడు. అది అతని కాలికింద మట్టిలో ఉంటుంది, అతని పుస్తకంలో మాత్రం ఉండదు. సరే, వసంతంలోనే వెతుకుదామని నియమం పెట్టుకుంటే మరో చిక్కు వస్తుంది. ఓక్ చెట్లను ఆశ్రయించి బతికే అపెథైమస్ ఈగలు ఎగిరేది శరత్కాలంలో. ఎక్కువ జాతులకు సరిపోయే నియమం అన్నిటికీ సరిపోదు. మనుషుల విషయంలో ఈ తప్పు ఇంకా తేలిగ్గా చేస్తాం. బడి నుంచి అలసిపోయి వచ్చిన గంటలో పిల్లవాడిని పుస్తకం ముందు కూర్చోబెట్టి ధ్యాస లేదంటాం. తెల్లవారుజామున ఎన్నడైనా చూశామా అని మనల్ని మనం అడగం. పెళ్లి బట్టల దుకాణం తెరిచి, ఆషాఢంలో వచ్చిన అమ్మకాలు చూసి గిరాకీ లేదని తేలుస్తాం.

రెండో కారణం చోటు. రంపపు ఈగల పిల్లలు ఏ ఆకు పడితే ఆ ఆకు తినవు. చాలా జాతులు ఒక మొక్కకో, దానికి దగ్గరి చుట్టాలైన కొన్ని మొక్కలకో కట్టుబడి ఉంటాయి. డోలెరస్ రకాలు గడ్డి, తుంగ, హార్స్‌టెయిల్ మొక్కల మీద, స్ట్రాంగిలోగాస్టర్ రకాలు ఫెర్న్‌ల మీద పెరుగుతాయి. పల్లపు నేలల్లో నీటి గట్ల వెంట ఉండే విల్లో చెట్ల మీద ఎన్నో జాతులుంటాయి. కొన్ని ఆకు అంచును కొరుక్కుతింటాయి, కొన్ని ఆకు పొరల మధ్య సొరంగం తవ్వుకుంటాయి, కొన్ని ఆకు మీద ఎర్రటి చిక్కుడు గింజంత బొడిపె పుట్టించి దాని లోపలే పెరుగుతాయి. అందుకే ఈ పురుగులను వెతకడం మొక్కలను గుర్తించడంతో మొదలవుతుంది. ఇంకో సంగతి ఏమిటంటే, ఆకుల మీద బయట తిరిగే పిల్లలు అచ్చం గొంగళిపురుగుల్లా ఉంటాయి. సీతాకోకచిలుకల, చిమ్మెటల గొంగళికి పొట్ట కింద ఉండే కండకాళ్లు సాధారణంగా అయిదు జతలకు మించవు. వీటికి ఆరు జతలో అంతకన్నా ఎక్కువో ఉంటాయి. కాళ్లు లెక్కపెట్టని మనిషి దాన్ని చూసీ గొంగళిపురుగు గడిలో వేసి ముందుకు పోతాడు. ఇంట్లో ప్రతి యంత్రాన్నీ విప్పి చూసే పిల్లను అల్లరి గడిలో వేసి, ఈమెకు ఏ విద్య మీదా ఆసక్తి లేదనే తల్లిదండ్రులు చేసేదీ అదే. ఆసక్తి వాళ్ల కళ్లముందే ఉంది, రాసుకున్న పేరే వేరు.

మూడో కారణం పద్ధతి. వల ఊపితే గడ్డి మీదా పొదల మీదా వాలినవి వస్తాయి, చెట్టు చిటారు కొమ్మలవి రావు. పసుపు పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క సబ్బు కలిపి పెడితే, ఆ రంగుకు ఆకర్షితమయ్యేవే పడతాయి. పిల్లపురుగును తెచ్చి పెంచితే అది ఏ మొక్క తింటుందో ఖాయంగా తెలుస్తుంది. కానీ గూడు కట్టుకోవడానికి తగిన మట్టి ఉండాలి, నెలల తరబడి అది బూజు పట్టకుండా, ఎండిపోకుండా చూసుకోవాలి. ఇంతా చేశాక లోపలినుంచి రంపపు ఈగకు బదులు, దాన్ని తినేసిన పరాన్నజీవి బయటికి రావచ్చు. ఈ పనిలో పెద్ద మలుపు తెచ్చిన రెనే మలేజ్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు రంపపు ఈగల నిపుణుడే. గుడారంలోకి దూరిన కీటకాలు వెలుతురు వైపు పైకి పోయి, పైమూలలో చిల్లు ఉంటే అందులోంచి బయటపడటాన్ని గమనించి, 1930ల్లో బర్మా యాత్ర సమయంలో గుడారం ఆకారపు ఉచ్చు తయారుచేశారు. 1937లో దాని వివరాలు ప్రచురించారు. ఆ ఉచ్చు రాత్రీ పగలూ నిలబడి ఉంటుంది, అందమైనదనో అరుదైనదనో ఏరుకోదు. అయినా పిల్లపురుగులు అందులో పడవు, తక్కువగా ఎగిరేవి తక్కువగా పడతాయి. ఒక్కో పద్ధతి ఒక్కో రకాన్ని మన కళ్లనుంచి దాచేస్తుంది. ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఒక్కటే పద్ధతిగా పెట్టుకున్న సంస్థకు, మాట్లాడటం రాని పనిమంతులు ఊళ్లో లేనట్టే కనిపిస్తారు.

వెతుకులాటకూ ఒక చిట్టా

ఈ మూడు అడ్డంకులకూ సర్వే చేసేవాళ్లు కనుక్కున్న విరుగుడు పెద్ద రహస్యమేమీ కాదు. దొరికినదాన్నే కాకుండా, వెతికినదాన్ని కూడా రాసిపెడతారు. ప్రతి నమూనా కింద చిన్న చీటీ ఉంటుంది: చోటు, తేదీ, పద్ధతి, మొక్క, పట్టినవారి పేరు. చీటీ లేని పురుగు ఎంత అరుదైనదైనా సర్వేలో దాదాపు పనికిరాదు. దీనితో పాటు శ్రమ చిట్టా ఉంటుంది: ఉచ్చు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నిలబడింది, వల ఎంతసేపు ఊపారు, ఏ చెట్లు చూశారు. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన రోజుకూ అందులో ఒక వరుస ఉంటుంది. పది నిమిషాలు చూసి మూడు జాతులు దొరికాయనడానికీ, సీజనంతా చూసి మూడే దొరికాయనడానికీ ఉన్న తేడా ఆ వరుసల్లోనే తెలుస్తుంది. మూడోది ఇంకా విలువైనది: పేరు తేలని వాటికి వేరే గడి. ప్రిస్టిఫోరా లాంటి ప్రజాతుల్లో జాతులు పైకి ఒకేలా ఉంటాయి. ఆడదాని రంపాన్ని బయటికి తీసి, సూక్ష్మదర్శిని కింద పళ్ల వరుసను చూస్తే గానీ చాలావాటిని విడదీయలేం. అది చూసేదాకా ఆ నమూనా తేలని గడిలోనే ఉంటుంది. ఉందో లేదో ఏదో ఒకటి చెప్పేయాలన్న తొందరకు లొంగకుండా, ఇంకా తేలలేదని రాయగలగడం బలహీనత కాదు. సర్వేలో నమ్మదగిన పని చాలావరకు ఆ గడి నిజాయితీ మీదే నిలబడుతుంది.

ఇలా పట్టుబట్టి రాసిపెడితే ఎంత చిన్న చోటులోనైనా ఏం బయటపడుతుందో ఇంగ్లండ్‌లోని లెస్టర్ పట్టణం చూపించింది. జెన్నిఫర్ ఓవెన్ అనే జీవశాస్త్రవేత్త అక్కడ తన ఇంటి తోటను 1972 నుంచి 2001 దాకా, 30 ఏళ్లు, ఒకే పట్టుదలతో గమనించారు. పల్లెల్లోని పొలం కాదది, శివారు వీధిలో పూలూ కూరగాయలూ పెంచుకునే మామూలు పెరడు. మలేజ్ ఉచ్చు సహా పలు పద్ధతులు వాడారు. 2010లో వెలువడిన పుస్తకంలో ఆమె లెక్క: మొత్తం 2,673 జాతుల మొక్కలు, జంతువులు. అందులో కీటకాలే 1,997. ఆ వీధిలో మిగతా పెరళ్లలో ఏమీ లేవని దీనర్థం కాదు. అక్కడ ఎవరూ అలా చూడలేదు. ఈ ఉదాహరణను ఓర్పు మీద ఉపన్యాసానికి వాడుకోవడం తేలిక. ఇందులో తేల్చుకోవలసింది వేరే ఉంది. ఓవెన్ తోటను గొప్పదిగా చేసినవి ఆ తోటకున్న గుణాలు మాత్రమే కావు; హద్దు గీసుకోవడం, పద్ధతి మార్చకపోవడం, ఏళ్ల తరబడి రాసిపెట్టడం. ప్రతిభ ఉన్నచోటుకు పోయి వెతకాలనుకునేవాళ్లు, వెతికినచోట ప్రతిభ కనిపిస్తుందన్న అవకాశాన్ని లెక్కలోకే తీసుకోరు.

శ్రమ చిట్టా విలువ రైన్ దిగువ మైదానంలోని క్రేఫెల్డ్ పట్టణంలో మరో రకంగా బయటపడింది. అక్కడ 1905లో ఏర్పడిన కీటకశాస్త్ర సంఘం ఒకటుంది. వృత్తిరీత్యా వేరే పనుల్లో ఉంటూ ఆసక్తితో కీటకాలను గమనించేవాళ్లు అందులో పనిచేస్తూ వచ్చారు. వాళ్లు రక్షిత ప్రాంతాల్లో మలేజ్ ఉచ్చులను ఒకే నమూనాలో, ఒకే పద్ధతిలో పెట్టి, పడినవన్నీ సీసాల్లో దాచి, తూకం రాసిపెట్టారు. 1989 నుంచి 2016 దాకా 63 చోట్ల పోగైన ఆ లెక్కలను 2017లో పరిశోధకులు విశ్లేషిస్తే, ఎగిరే కీటకాల మొత్తం బరువు 27 ఏళ్లలో 76 శాతం, నడివేసవిలో అయితే 82 శాతం తగ్గిందని తేలింది. చాలాచోట్ల ఒక్క ఏడాదే ఉచ్చు పెట్టారు కదా, పోలిక ఎలా కుదురుతుందని విమర్శ వచ్చింది. అది న్యాయమైన ప్రశ్న. ఉచ్చు కొలతలు, పెట్టే తీరు మారకపోవడం వల్లా, వాతావరణాన్నీ నేల రకాన్నీ లెక్కలోకి తీసుకుని పోల్చడం వల్లా ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోగలిగారు. ఏ జాతులు ఎంత తగ్గాయో బరువు చెప్పదన్నదీ నిజమే. అయితే గమనించండి: విమర్శించడానికి కూడా వాళ్ల చిట్టాయే ఆధారమైంది. ‘మా చిన్నప్పుడు బోలెడు పురుగులుండేవి’ అనే మాటను ఎవరూ విమర్శించలేరు, ఎవరూ వాడుకోనూ లేరు.

మూడో ఉదాహరణలో చిట్టా లేనప్పుడు ఏం పోతుందో కనిపిస్తుంది. తూర్పు ఆసియాకు చెందిన ఒక రంపపు ఈగ ఎల్మ్ చెట్ల ఆకుల మీద మెలికలు మెలికలుగా తింటూ పోతుంది. ఆ జాడను బట్టే దానికి జిగ్‌జాగ్ ఈగ అని పేరు. ఐరోపాలో అది 2003లో హంగరీ, పోలండ్‌లలో మొదట కనిపించింది. తర్వాత పడమటికి పాకి 2017 నాటికి బ్రిటన్‌లో తేలింది, 2020లో కెనడాలో. ఫలానా ఏడాది వచ్చిందని నమ్మకంగా చెప్పాలంటే అంతకుముందు ఏడాది ఎల్మ్ ఆకులను ఎవరో చూసి, ఆ జాడ లేదని రాసి ఉండాలి. అలా రాయని చోట అది వచ్చిన ఏడాదీ, ఎవరో చూసిన మొదటి ఏడాదీ కలిసిపోతాయి. ఇదే ఈగ గురించి గట్టి ‘లేదు’ ఒకటి కూడా ఉంది: దీనిలో మగవి లేవు. ఆ మాటకు ఆధారం కేవలం ఎవరికీ కనపడకపోవడం కాదు. పట్టినవీ పెంచినవీ అన్నీ ఆడవే, జత కలవకుండానే అవి మళ్లీ ఆడపిల్లలనే కన్నాయి. వెతికిన లెక్క ఒక వైపు, అలా ఎందుకు జరుగుతోందన్న వివరణ మరో వైపు ఉన్నప్పుడు లేదనడం తప్పు కాదు. అలాంటి తీర్పు దాకా చేరడమే మన లక్ష్యం కూడా.

అభ్యంతరాలు, సమాధానాలు

ఇలా వెతుకుతూ పోతే అంతెక్కడ అన్నది మొదటి అభ్యంతరం. జీవితకాలం సరిపోదన్న భయం సహజమే. కానీ ఎప్పుడు ఆపాలో చెప్పే కొలత కూడా సర్వేల్లోంచే వచ్చింది. తైవాన్‌కు చెందిన గణాంక శాస్త్రవేత్త ఆన్ చావ్ 1984లో ఒక అంచనా సూత్రం ఇచ్చారు. ఒక్కసారే కనపడిన జాతుల సంఖ్యను అదే సంఖ్యతో గుణించి, రెండుసార్లు కనపడిన జాతుల సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే, ఇంకా కనపడనివి కనీసం ఎన్ని ఉంటాయో వస్తుంది. ఉదాహరణకు 40 జాతులు దొరికాయి, వాటిలో 10 ఒక్కసారే, 5 రెండుసార్లు కనపడ్డాయి అనుకుందాం. 100ని 10తో భాగిస్తే 10. అంటే అక్కడ కనీసం 50 జాతులుండాలి. ఒక్కసారే కనపడేవి తగ్గిపోయి, కొత్త రోజు కొత్తదేమీ తేనప్పుడు ఆపవచ్చు. దీన్నుంచి మనం తీసుకోవలసింది సూత్రాన్ని కాదు, అందులోని తర్కాన్ని. ప్రతి ప్రయత్నమూ ఇంకా కొత్త విషయం చూపిస్తోందంటే మీ వెతుకులాట పూర్తి కాలేదు. పది మంది కొనుగోలుదారులతో మాట్లాడితే పది రకాల కారణాలు వచ్చాయా, పదకొండో మనిషి దగ్గరికి వెళ్లండి. చివరి అయిదుగురూ పాత కారణాలే చెప్పారా, ఇక నిర్ణయం తీసుకోండి. చిట్టా మనల్ని నిరంతరం వెతికించదు, ఎప్పుడు చాలో అదే చెబుతుంది.

అనుభవజ్ఞులకు ఇదంతా అక్కర్లేదు, చూడగానే తెలిసిపోతుంది అన్నది రెండో అభ్యంతరం. అనుభవం విలువను కాదనలేం; ఎల్మ్ ఆకు మీద మెలిక చూసి పురుగు పేరు చెప్పగలిగేది అనుభవమే. అయితే ఆ నైపుణ్యం ఉన్నదాన్ని గుర్తించడంలో పనిచేస్తుంది, కనపడనిదాని గురించి తీర్పు చెప్పడంలో అంతగా పనిచేయదు. పైగా ఒక చోట సంపాదించిన నైపుణ్యం ఇంకోచోటికి మనతో రాదు. మలేజ్ జీవితమే దీనికి సాక్ష్యం. పట్టేవాడి ఇష్టాయిష్టాలతో పని లేకుండా కీటకాలను పోగుచేసే ఉచ్చును కనిపెట్టిన ఆయనే, తర్వాతి కాలంలో సముద్రంలో మునిగిపోయిందని చెప్పే అట్లాంటిస్ ఖండం నిజమేనని వాదిస్తూ 1951లో పుస్తకం రాశారు. శాస్త్రలోకం దాన్ని ఒప్పుకోలేదు. తెలివి తగ్గి కాదు. రంపపు ఈగల విషయంలో ఆయన కోరికకు అడ్డం పడిన పద్ధతి, అట్లాంటిస్ విషయంలో అడ్డం పడలేదు. తన రంగంలో నిక్కచ్చిగా ఉండే డాక్టరు, ఇంజినీరు, లాయరు ఇంటి విషయాల్లో, మనుషుల విషయాల్లో గాలివాటంగా తీర్పులిచ్చేయడం మనం చూస్తూనే ఉంటాం. కాపాడేది పద్ధతి; దాన్ని ప్రతి చోటా కొత్తగా నిలబెట్టుకోవాలి.

మూడో అభ్యంతరం ఈ కాలానిది. ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు వస్తోంది, డీఎన్ఏ పరీక్ష చేస్తే జాతి తేలిపోతోంది, ఇంకా ఈ చాదస్తం దేనికి? ఈ సాధనాలు పనిని ఎంతో తేలిక చేశాయి. పిల్లపురుగుకూ పెద్ద ఈగకూ చుట్టరికం కలపడంలో డీఎన్ఏకు సాటి లేదు. కానీ రంపం పళ్ల వరుస ఫొటోలో పడదు. కొన్ని రంపపు ఈగల గుంపుల్లో దగ్గరి జాతులు గతంలో కలిసిన ఫలితంగా, గుర్తింపుకు మామూలుగా వాడే మైటోకాండ్రియా డీఎన్ఏ జాతుల హద్దులను సరిగా చూపించదు. కేంద్రకంలోని జన్యువులనూ శరీర నిర్మాణాన్నీ కలిపి చూడవలసి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, సాధనం ఎంత గొప్పదైనా దాని ముందు పెట్టినదాని గురించే చెబుతుంది. విల్లో చెట్టు దగ్గరికే వెళ్లని మనిషికి ఏ పరీక్షా సాయం చేయదు. అడుగులు లెక్కించే గడియారం, ఖర్చులు చూపించే యాప్, మార్కులు చూపించే పోర్టల్ కూడా అంతే. అవి కొలిచేవి కొన్ని; కొలవనివాటిని లేనట్టే మనకు అనిపింపజేయడం వాటితో వచ్చే కొత్త ప్రమాదం.

చివరి అభ్యంతరం గట్టిది. బతుకు కీటకాల సర్వే కాదు. ప్రతి నిర్ణయానికీ ఒక సీజను ఆగలేం, మనుషులు తమను గమనిస్తున్నారని తెలిస్తే మారిపోతారు. ఇందులో సగం ఒప్పుకోవాలి. ప్రమాదం ఉన్నచోట చిట్టా కోసం ఆగకూడదు. ఛాతీలో నొప్పి వస్తే గుండెజబ్బు లేదని తేల్చుకునే పని మనది కాదు, ఆసుపత్రిది. తేలిగ్గా వెనక్కి తీసుకోగల చిన్న నిర్ణయాలకు కూడా ఇంత తతంగం వద్దు. నియమం అవసరమయ్యేది ఒక మనిషి మీద చాలాకాలం నిలిచిపోయే ముద్రల దగ్గర: పిల్లల చదువు, మన సామర్థ్యం, ఒక బంధం, ఒక వృత్తి. అక్కడ ఎలాగూ తీర్పు ఏళ్ల తరబడి ఉంటుంది, దానికి కొన్ని వారాల వెతుకులాట ఎక్కువ కాదు. మనుషులు మారిపోతారన్న మాటకు జవాబు, వాళ్లను పరిశీలించడం కన్నా మన వెతుకులాటను పరిశీలించడమే ఇక్కడ అసలు పని అన్నది. చిట్టాలో రాయవలసింది పిల్లవాడి తప్పులు కాదు. మనం ఏ వేళ, ఏ విషయంలో, ఏ తీరులో అతనికి అవకాశం ఇచ్చామో.

ఆచరణ

మిమ్మల్ని ఎక్కువగా కట్టిపడేస్తున్న ‘లేదు’ ఒకదాన్ని ఎంచుకోండి, ఒక్కటే. దానికి హద్దు గీయండి. ‘నాకు ఇంగ్లిషు రాదు’ అన్నది హద్దు లేని వాక్యం. ‘పనిచేసేచోట ఇంగ్లిషులో అయిదు నిమిషాలు మాట్లాడలేను’ అన్నది వెతికి చూడగల వాక్యం. ఆ తర్వాత ఒక నోటుపుస్తకంలో ఆరు గడులు గీయండి: తేదీ, వేళ, చోటు, ఎవరితో, పద్ధతి, ఏం కనపడింది. ఏమీ కనపడని రోజు కూడా వరుస రాయండి, అది వృథా కాదు. కనీసం మూడు వేర్వేరు వేళల్లో, రెండు వేర్వేరు పద్ధతుల్లో ప్రయత్నించాలి. ఉదయం ఒక్కరే గట్టిగా చదవడం ఒక పద్ధతి, సాయంత్రం స్నేహితుడితో మాట్లాడటం మరొకటి, ముందు రాసుకుని చెప్పడం ఇంకొకటి. అర్థం కాని ఫలితాన్ని మంచిలోనో చెడులోనో తోసేయకుండా, తేలలేదని రాయండి. పద్ధతిని మధ్యలో మారిస్తే మార్చిన తేదీ రాయండి. లేకపోతే ముందు రోజులకూ తర్వాతి రోజులకూ పోలిక చెడిపోతుంది. మొదటి వారాల్లో ఫలితాలకు మార్కులు వేసుకోకండి, వెతకడానికి పెట్టిన గంటలనే లెక్కపెట్టండి.

ప్రయత్నాలు కొత్త సంగతులు చూపించడం ఆగిపోయాక పుస్తకం ముందు కూర్చోండి. రెండు ఫలితాల్లో ఏదైనా రావచ్చు. ఏదో ఒక వేళ, ఏదో ఒక పద్ధతిలో కొంత కనపడి ఉండవచ్చు. అప్పుడు ఎక్కడ పెంచుకోవాలో మీ చిట్టాయే చెబుతుంది. లేదా నిజంగానే ఏమీ కనపడకపోవచ్చు. ఆ ఫలితానికి భయపడనక్కర్లేదు. ఎక్కడెక్కడ, ఎప్పుడెప్పుడు, ఎలా వెతికారో చూపించగలిగిన తీర్పు అది. దాని ఆధారంగా ఆ దారి వదిలి, అదే శ్రమను ఇంకోచోట పెట్టవచ్చు. ఎవరైనా ‘ఇంకొంచెం ప్రయత్నించాల్సింది’ అని దెప్పితే చూపించడానికి మీ దగ్గర లెక్క ఉంటుంది. ఎవరైనా కొత్త పద్ధతి సూచిస్తే, అది మీ పుస్తకంలో ఉందో లేదో ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు. లేకపోతే ఆ ఒక్కదాన్నీ ప్రయత్నించి, ఒక వరుస చేర్చి, తీర్పును మార్చుకోవడమో నిలబెట్టుకోవడమో చేయవచ్చు.